జూలైలో తగ్గిన జ్వరం సెప్టెంబర్‌లో ఎందుకు తిరగబెట్టింది

1918 జూన్ 10న బొంబాయి రేవులో కాపలా కాసే ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. మలేరియా కాదని డాక్టర్లు తేల్చారు. అది ఇన్‌ఫ్లుయెంజా. కొద్ది రోజులు తిరిగేసరికి ఓడ కంపెనీల గుమాస్తాలు, పోర్ట్ ట్రస్ట్ ఉద్యోగులు, తంతి ఆఫీసు వాళ్ళు, నూలు మిల్లుల కార్మికులు ఒకరి వెనుక ఒకరు మంచం పట్టారు. రేవుకొచ్చిన ఓడలోంచే జబ్బు ఊళ్ళోకి దిగిందని నగర ఆరోగ్యాధికారి టర్నర్ వాదించాడు. ఓడ వాళ్ళకే ఊళ్ళోంచి అంటుకుందని ప్రభుత్వం ఎదురు వాదించింది. ఆ తగవు తేలకముందే జబ్బు తగ్గుముఖం పట్టింది. జూలై మొదటి వారంలో పెరిగిన చావులు నెలాఖరుకు బాగా తగ్గాయి. ఎక్కువమందికి మూడు రోజుల జ్వరం, ఒళ్ళు నొప్పులు, తర్వాత కొన్నాళ్ళ నీరసం మాత్రమే. గండం గడిచిందనుకున్నారు. సెప్టెంబర్‌లో అదే ఊళ్ళో అది మళ్ళీ మొదలైంది. ఈసారి ఊపిరితిత్తులు నిమ్ము పట్టి, ఊపిరాడక ముఖం నీలంగా మారి, ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్యనున్న దిట్టమైన మనుషులు రోజుల వ్యవధిలో పోయారు. అక్టోబర్ 6న ఒక్క రోజే బొంబాయిలో 768 మరణాలు నమోదయ్యాయి. ఆ ఏడాది చివరికి దేశంలో ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ అంచనాల్లోనే ఉంది. తక్కువ లెక్క కట్టిన వాళ్ళు కోటి పైచిలుకు అంటారు, ఎక్కువ కట్టిన వాళ్ళు కోటీ ఎనభై లక్షలంటారు.

జబ్బు రెండోసారి ఎందుకు లేచింది? ఈ ప్రశ్న అడిగిన వాళ్ళు సాధారణంగా సెప్టెంబర్‌లోనే జవాబు వెతికారు. వైరస్ మారిందన్నారు, వానలు పోయాయన్నారు, యుద్ధం నుంచి సైనికులు తిరిగొచ్చారన్నారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ జవాబులో పెద్ద భాగం జూలైలో ఉందని నేను నమ్ముతాను. ఒక విడత ఎందుకు లేచిందో తెలియాలంటే, అంతకు ముందు విడత ఎందుకు పడిపోయిందో ముందు తెలియాలి. కేసులు తగ్గడానికి ఎన్నో కారణాలుండొచ్చు, తగ్గినట్టు చూపించే గీత మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. దిగువన ఏరు సన్నబడితే, పైన ఊట ఎండిపోయిందో, ఎవరో కట్ట వేశారో దిగువన నిలబడ్డవాడికి తెలియదు. కట్ట తెగితే ఏమవుతుందన్నది మాత్రం ఆ తేడా మీదే ఆధారపడుతుంది.

ఈ విషయాన్ని లెక్కల్లోకి తెచ్చిన వాళ్ళకు మన దేశంతో గట్టి సంబంధమే ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, ఆ తర్వాతి ఏళ్ళలో గణితం మీద కూడా చాలా పనిచేశాడు. ఒక ఊళ్ళో జబ్బు ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అన్నది సమీకరణాల్లో చెప్పొచ్చని పట్టుబట్టాడు. రాస్‌తో కలిసి 1901లో సియెర్రా లియోన్‌కు వెళ్ళిన యువ డాక్టర్ మెకెండ్రిక్ తర్వాత ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. స్కాట్లండ్ తిరిగి వెళ్ళాక, ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న రసాయన శాస్త్రవేత్త కెర్మాక్‌తో కలిసి 1927లో ఒక పరిశోధన పత్రం అచ్చువేశాడు. నేటికీ చాలా అంటువ్యాధి లెక్కలకు అదే మూలం. అప్పట్లో కొందరు పండితుల నమ్మకం వేరుగా ఉండేది. క్రిమి తనంతట తానే నీరసించి అంటుకునే శక్తి పోగొట్టుకుంటుందని, అందుకే వ్యాధి తగ్గుతుందని వాళ్ళు అనేవారు. కెర్మాక్, మెకెండ్రిక్ అది అవసరం లేదని చూపించారు. క్రిమి శక్తి అలాగే ఉన్నా, ఇంకా సోకని మనుషులు ఒక హద్దుకన్నా తగ్గితే చాలు, వ్యాధి వెనక్కి తిరుగుతుంది. అందరికీ సోకక ముందే ఆగుతుంది.

ఆ హద్దు ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. ఒక రోగి సగటున ఇద్దరికి అంటిస్తాడనుకోండి. 1918 ఇన్‌ఫ్లుయెంజాకు ఈ సంఖ్య దాదాపు సరిపోతుంది. జనంలో సగం మందికి జబ్బు వచ్చి తట్టుకునే శక్తి వస్తే, ఆ ఇద్దరిలో ఒకరు అప్పటికే రక్షణ ఉన్నవారై ఉంటారు. రోగి ఒకరికే అంటిస్తాడు, అక్కడి నుంచి పెరుగుదల ఆగుతుంది. కానీ ఆ క్షణానికి ఊరినిండా రోగులుంటారు. వాళ్ళందరికీ తగ్గే లోపు ఇంకా కొంతమందికి అంటిస్తారు. ఏ అడ్డూ లేకుండా సాగితే చివరికి నూటికి దాదాపు ఎనభై మందికి సోకి జబ్బు పోతుంది. మిగిలిన ఇరవై మంది మళ్ళీ వ్యాధి లేవడానికి చాలరు. అదే జబ్బు నూటికి ముప్పై మందికి సోకగానే ఏదో కారణం వల్ల ఆగిపోయిందనుకోండి, డెబ్భై మంది మిగులుతారు. హద్దు యాభై దగ్గరుంది కాబట్టి, ఆపిన ఆ కారణం తొలగిన మరుక్షణం వ్యాధి మళ్ళీ పెరుగుతుంది. అంటే సోకని మనుషులు తరిగిపోవడం వల్ల పడిన విడత సాధారణంగా తిరిగి రాదు. మరే కారణం వల్ల పడిందైనా తిరిగి రాగలదు. సిద్ధాంతంలోని మిగతా చిక్కులన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కటి నిలబడుతుంది.

తమ సిద్ధాంతానికి రుజువుగా కెర్మాక్, మెకెండ్రిక్ ఎంచుకున్నది కూడా బొంబాయినే. 1905 డిసెంబర్ నుంచి 1906 జూలై వరకు ఆ నగరంలో వారం వారం ప్లేగుతో చనిపోయిన వారి లెక్కల మీద తమ గీత గీశారు. చుక్కలు గీత మీద చక్కగా కుదిరాయి. పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మ దశాబ్దాలుగా అచ్చవుతూనే ఉంది. కానీ నిజానికి ఆ కుదురుబాటే మోసం చేసింది. ప్లేగు మనిషి నుంచి మనిషికి కాదు, ఎలుకల నుంచి వాటి మీద బతికే మిన్నల్లుల ద్వారా మనిషికి వస్తుందని బొంబాయి పరేల్‌లో పనిచేసిన ప్లేగు పరిశోధన సంఘమే ఆ రోజుల్లో తేల్చింది. చలికాలం చివర్లో పెరిగి ఎండలు ముదరగానే తగ్గడం దాని తీరు. 1896లో వచ్చిన నాటి నుంచి అది ఏటేటా ఇలాగే వచ్చి పోయేది. 1906 వేసవిలో బొంబాయిలో సోకని మనుషులు తరిగిపోయి ప్లేగు తగ్గలేదు. వేడికి మిన్నల్లులు, జబ్బుకు ఎలుకలు తగ్గి ప్లేగు తగ్గింది. అందుకే మళ్ళీ చలికాలానికి తిరిగొచ్చింది. అంత గొప్ప గణితం కూడా గీత ఆకారాన్ని చూసి కారణాన్ని చెప్పలేకపోయింది. ఒకే రకం గీతను రెండు వేర్వేరు కారణాలు గీయగలవనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

మనుషులే కట్ట వేసిన సంగతి చూడాలంటే 1918 అమెరికా నగరాలను చూడాలి. ఫిలడెల్ఫియాలో సెప్టెంబర్ 28న యుద్ధ రుణాల కోసం ఊరేగింపు తీశారు. వీధుల్లో రెండు లక్షల మంది గుమిగూడారు. బడులు, థియేటర్లు, చర్చిలు మూసేసరికి అక్టోబర్ వచ్చింది, అప్పటికే ఊరంతా అంటుకుంది. సెయింట్ లూయిస్‌లో మాత్రం ఊరి ప్రజల్లో తొలి కేసులు కనిపించిన రెండు మూడు రోజులకే అన్నీ మూశారు. ఉధృతంగా ఉన్న వారంలో ఫిలడెల్ఫియాలో లక్ష మందికి 257 మంది చనిపోతే, సెయింట్ లూయిస్‌లో ఆ సంఖ్య 31. నవంబర్ మధ్యలో ఆంక్షలు ఎత్తేయగానే సెయింట్ లూయిస్‌లో చావులు మళ్ళీ పెరిగాయి. ఫిలడెల్ఫియాలో అలా పెరగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో నవంబర్ 21 మధ్యాహ్నం సైరన్ మోగగానే జనం మాస్కులు ఊడదీసి వీధుల్లో పారేశారు. డిసెంబర్‌లో జబ్బు తిరిగొచ్చింది, జనవరిలో మాస్కు చట్టం మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. దానికి వ్యతిరేకంగా సంఘం కట్టి సభలు కూడా జరిపారు. 2007లో అచ్చయిన పరిశోధనలు ఇలాంటి నగరాలను పక్కపక్కన పెట్టి చూశాయి. పరిశీలించిన నగరాల్లో ప్రధానమైన ఆంక్షలు అమల్లో ఉండగా రెండో విడత లేచినది ఒక్కటీ లేదు. మొదటిసారి బాగా అదుపు చేసిన ఊళ్ళలోనే, ఆంక్షలు ఎత్తాక, రెండోసారి లేచింది.

దీనికి వెంటనే ఎదురయ్యే ఆక్షేపణ ఒకటుంది. ఆపడమంటే వాయిదా వేయడమే కదా, ఎప్పటికైనా వచ్చేదాన్ని ఆపి ఏం లాభం అని. వాయిదాకు విలువ లేదనుకోవడం పొరపాటు. ఆస్ట్రేలియా 1918 అక్టోబర్ నుంచి ఓడలను క్వారంటైన్‌లో పెట్టింది. జబ్బు అక్కడి ఊళ్ళలోకి దిగేసరికి 1919 జనవరి అయింది. అప్పటికి దాని తీవ్రత తగ్గింది, చనిపోయిన వాళ్ళు వెయ్యికి ముగ్గురికి లోపే. మన దేశంలో నూటికి నలుగురైదుగురు. సమోవా దీవులది ఇంకా కఠినమైన ఉదాహరణ. 1918 నవంబర్ 7న న్యూజిలండ్ నుంచి వచ్చిన టలూన్ అనే ఓడను పశ్చిమ సమోవా రేవులోకి రానిచ్చారు. జనాభాలో దాదాపు ఐదోవంతు పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా ఓడలను ఆపేసింది, అక్కడ ఒక్కరూ చనిపోలేదు. కట్ట వేసినవాడు తన వెనుక ఎంత నీరు నిలిచిందో గుర్తు పెట్టుకోవాలి, అంతే. కట్ట వేయడమే తప్పని దాని అర్థం కాదు.

అయితే బొంబాయిలో పెద్దగా ఏదీ మూయలేదు. మిల్లులు నడిచాయి, రైళ్ళు నడిచాయి. మరి జూలైలో ఎందుకు తగ్గింది? ఆ విడత ఎవరి మధ్య తిరిగిందో చూస్తే కారణం తెలుస్తుంది. రేవు, ఓడల ఆఫీసులు, బ్యాంకులు, తంతి, మిల్లు, సైనిక శిబిరం, రైల్వే - ఒకరినొకరు రోజూ తాకే మనుషుల వరసలోనే అది వేగంగా పాకింది. ఆ వరసలో ఉన్న చాలామందికి సోకేసరికి ఆ దారి మూసుకుపోయింది. బొంబాయి మొత్తంలో మనుషులు మిగిలే ఉన్నా, ఆ వరస నుంచి వాళ్ళను చేరే దారులు తక్కువ. ఇక బొంబాయి బయట, రైలు దిగి నడిచి వెళ్ళాల్సిన లక్షలాది పల్లెలు దాదాపు మిగిలే ఉన్నాయి. దేశం మొత్తాన్ని ఒకే గీతగా గీసినప్పుడు మన కళ్ళకు ఈ సంగతి కనబడదు. దేశంలో ఉండేది ఒక జనం కాదు, వేల జనాలు, ఒక్కోదానికి ఒక్కో లెక్క. శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ రాసిన నివేదిక రెండో విడతలో పల్లెలు దారుణంగా దెబ్బతిన్నాయని చెబుతుంది. ఈ దేశపు చాలా పల్లెలకు రెండో విడతే మొదటి విడత. వాళ్ళ విషయంలో జబ్బు తిరగబెట్టడమన్న మాటే లేదు, అది అప్పుడే వచ్చింది.

ఋతువు మాటేమిటి? ఇన్‌ఫ్లుయెంజా చలి దేశాల్లో శీతాకాలంలో, మన దగ్గర ఎక్కువ చోట్ల వానాకాలంలో పెరుగుతుంది, అది నిజం. ఋతువే కెరటాలను లేపుతుందని చాలామంది నమ్మడానికి మూలం అదే. 1918 మాత్రం ఈ నమ్మకానికి లొంగదు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే బాస్టన్‌లో, బొంబాయిలో, కేప్‌టౌన్‌లో జబ్బు ఒకేసారి విరుచుకుపడింది. బాస్టన్‌లో అది ఆకురాలే కాలం, బొంబాయిలో వానలు వెనక్కి తగ్గే కాలం, కేప్‌టౌన్‌లో వసంతం. ఒకే ఋతువు లేని మూడు ఊళ్ళను కలిపింది ఓడలు. ఆగస్టు చివర్లో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్, ఆఫ్రికా పడమటి తీరాన ఫ్రీటౌన్, అమెరికాలో బాస్టన్ - మూడూ యుద్ధ ఓడలు బొగ్గు కోసం, మనుషుల కోసం ఆగే రేవులు. ఆ మూడింట్లో దాదాపు ఒకే సమయంలో ప్రాణాంతకమైన విడత మొదలైంది. కేప్‌టౌన్‌కు అది ఫ్రీటౌన్ మీదుగా వచ్చిన సైనికుల ఓడల్లో చేరింది. ఋతువు నిప్పుకు గాలి వీచగలదు కానీ 1918లో నిప్పు ఎక్కడ పడాలన్నది నిర్ణయించింది యుద్ధ రవాణా.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ వైరస్‌ది. సెప్టెంబర్‌లో వచ్చింది కొత్త రూపం దాల్చిన వైరస్ అయితే, జూలైలో సోకిన వాళ్ళూ మళ్ళీ సోకని వాళ్ళ కిందే లెక్క, అప్పుడు నేను చెప్పే మనుషుల లెక్క అంతా కూలిపోతుంది కదా. దీనికి జవాబు ఆనాటి సైనిక రికార్డుల్లో దొరుకుతుంది. అమెరికా శిబిరాల్లోనూ బ్రిటిష్ నావికాదళంలోనూ వసంతకాలంలో జబ్బు పడి లేచిన వాళ్ళెవరో, పడని వాళ్ళెవరో రాసిపెట్టారు. 2008లో ఆ రికార్డులను తిరగేసిన పరిశోధకులు, మొదటి విడతలో సోకిన వాళ్ళకు రెండో విడతలో జబ్బు నుంచి, మరీ ముఖ్యంగా చావు నుంచి గణనీయమైన రక్షణ ఉందని చూపించారు. కాబట్టి రెండు విడతల వైరస్ ఒకదానికొకటి దగ్గరి చుట్టమే. శరీరం దాన్ని గుర్తుపట్టింది. అయినా మార్పు జరగలేదని నేను అనను. 1918 నాటి ఊపిరితిత్తుల ముక్కలు కొన్ని ప్రయోగశాలల సీసాల్లో మిగిలాయి. వాటిలో ఉధృతికి ముందువీ తర్వాతవీ పోల్చి చూస్తే, మనిషి కణాలను పట్టుకోవడంలోనూ శరీరపు తొలి రక్షణను తప్పించుకోవడంలోనూ వైరస్ నెలల వ్యవధిలో మెరుగుపడిన ఆనవాళ్ళున్నాయి. ఆ మార్పు వల్ల అది మరింత వేగంగా పాకి, మరింతగా చంపి ఉండొచ్చు. కానీ పాకడానికి దానికి కావాల్సిన సోకని మనుషులను సిద్ధంగా ఉంచింది జూలైలో అర్ధాంతరంగా ఆగిన మొదటి విడతే.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరు చేయడం చాలా అవసరం. జబ్బు ఎందుకు తిరిగొచ్చింది అన్నది ఒకటి, వచ్చి ఎందుకు అంతమందిని చంపింది అన్నది మరొకటి. ఈ రెండూ కలిపేస్తే చర్చ ఎటూ తేలదు. 1918 నైరుతి ఋతుపవనం ఘోరంగా విఫలమైంది. దేశవ్యాప్త వర్షపాతం సగటు కన్నా దాదాపు నాలుగోవంతు తగ్గింది. గింజల ధరలు మండిపోయి సెప్టెంబర్‌లో మద్రాసులో జనం బజార్ల మీద పడ్డారు. తిండి లేక పనికోసం పల్లెలొదిలి పట్నాలకు చేరారు. ఆకలి వైరస్‌ను పుట్టించలేదు, కానీ మనుషులను కదిలించింది, ఆ కదలికలో జబ్బు పాకింది. జబ్బు పడ్డాక బతికి బట్టకట్టే శక్తిని కూడా లాగేసింది. బొంబాయి లెక్కలు ఈ సంగతి కళ్ళకు కట్టిస్తాయి. నగరంలోని యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది పోతే, పార్శీలలో 9 మంది పోయారు. ప్రభుత్వం 'తక్కువ కులాల' హిందువులని రాసిన వాళ్ళలో వెయ్యికి 61.6 మంది పోయారు. ఒకే ఊరు, ఒకే వైరస్. వైరస్ స్వభావం ఒక్కటే చావులను నిర్ణయిస్తే ఏడు రెట్ల తేడా రాదు. గాలి ఆడని, చాల్ అనే ఇరుకు వరస గదుల్లో, మంచం పక్కన నీళ్ళిచ్చే మనిషి కూడా అదే జ్వరంతో పడి ఉన్న ఇళ్ళలో వాళ్ళు చనిపోయారు. మన దేశంలో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు ఎక్కువగా పోవడానికి కూడా, ఇంట్లో అందరికీ సేవ చేసి చివర తినే మనిషి వాళ్ళే కావడం ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. నాకు అది నిజమనిపిస్తుంది.

తెలుగు నేల మీద కూడా ఈ తేడా కనిపిస్తుంది. రెండో విడత బొంబాయి నుంచి తూర్పుకు పాకింది. అక్టోబర్ మధ్యకు మద్రాసు వైపు ఉధృతమైంది, కలకత్తాలో ఆ స్థాయికి వచ్చేసరికి నవంబర్ సగం గడిచింది. జిల్లాల వారీ మరణాలను లెక్కగట్టిన పరిశోధకులు, తూర్పుకు వెళ్ళే కొద్దీ చావులు తగ్గాయని, జబ్బు ఉన్న రోజులు మాత్రం పెరిగాయని గమనించారు. బొంబాయి ప్రెసిడెన్సీ, బీరార్‌తో కూడిన మధ్య పరగణాలు అందరికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ, బెంగాల్ అంతగా కాదు. ఆ దెబ్బతిన్న పరగణాలను ఆనుకుని ఉన్న నిజాం రాజ్యంలో 1911లో కోటీ ముప్పై మూడు లక్షలకు పైగా ఉన్న జనాభా 1921కి కోటీ ఇరవై నాలుగు లక్షల చిల్లరకు పడిపోయింది. అదే దశాబ్దంలో కోస్తా, రాయలసీమ జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా కొద్దిగానైనా పెరిగింది. హైదరాబాద్ రాజ్యంలో కరువు, ప్లేగు, కలరా కూడా ఉన్నాయి కాబట్టి ఆ తగ్గుదల అంతా ఇన్‌ఫ్లుయెంజాదే అనకూడదు. తూర్పున చావులు తగ్గడానికి వైరస్ మెత్తబడటం ఎంత కారణమో, అటు కరువు అంత తీవ్రంగా లేకపోవడం ఎంత కారణమో విడదీయడం కష్టం, ఎందుకంటే రెండూ పడమర నుంచి తూర్పుకే మారాయి.

వందేళ్ళ తర్వాత కోవిడ్‌లోనూ ఇదే చిక్కు వచ్చింది. 2020 సెప్టెంబర్ మధ్యలో రోజుకు లక్షకు దగ్గరపడ్డ కేసులు ఆ తర్వాత నెలల తరబడి తగ్గుతూ పోయాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వేసిన నిపుణుల కమిటీ అక్టోబర్‌లో, జాగ్రత్తలు కొనసాగితే ఫిబ్రవరికల్లా వ్యాధి అదుపులోకి రావచ్చని చెప్పింది. జాగ్రత్తలు కొనసాగితే అన్న మాటను జనమూ, పాలకులూ మర్చిపోయారు. ఎన్నికల సభలు, జాతరలు, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. 2021 మే 6న ఒక్కరోజే 4 లక్షల 14 వేల కేసులు వచ్చాయి. ఇక్కడ వైరస్ మార్పు వాటా 1918 కన్నా పెద్దదే. ఆ జనవరిలో ఢిల్లీ సర్వేలో నూటికి 56 మంది రక్తంలో యాంటీబాడీలు కనిపించినా, డెల్టా ఏప్రిల్‌లో ఆ నగరాన్ని కుదిపేసింది. అంతకన్నా వేగంగా అంటుకునే రకం వస్తే హద్దు కూడా పైకి జరుగుతుంది, ఒమిక్రాన్ లాంటిది వస్తే పాత రక్షణే చాలా వరకు పనికిరాకుండా పోతుంది. మనుషుల లెక్క శాశ్వతం కాదని ఒప్పుకోవాల్సిందే. అది తప్పని మాత్రం దీనివల్ల తేలదు. ఏ రకం వచ్చినా మొదట అడగాల్సింది, దాన్ని తట్టుకోలేని వాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది మిగిలారనే.

ఈ ప్రశ్నకు జవాబు వ్యాధి తగ్గి ఉన్న నెలల్లోనే సేకరించగలం. ఉధృతి మొదలయ్యాక లెక్కపెట్టే వాళ్ళూ మంచం పడతారు. 1918లో పల్లెల్లో చావులు రాయాల్సింది మునసబులు, చౌకీదార్లు. వాళ్ళలో ఎందరో జబ్బు పడ్డారు, కొందరు పోయారు, రిజిస్టర్లు ఖాళీగా మిగిలాయి. అందుకే నార్మన్ వైట్ అప్పట్లో చావులు అరవై లక్షలని అంచనా వేస్తే, తర్వాతి తరాల పరిశోధకులు జనాభా లెక్కల నుంచి వెనక్కి తవ్వుకుంటూ దాన్ని రెండింతలు, మూడింతలు చేయాల్సి వచ్చింది. మనకు 1920 నాటికి లేనిది 2020లో ఉంది. జబ్బు తగ్గి ఉన్న నెలల్లో ఊరూరా రక్తం తీసి, ఎవరికి సోకిందో ఎవరికి సోకలేదో చెప్పగల సర్వేలు జరిగాయి. భారత వైద్య పరిశోధన మండలి మూడో జాతీయ సర్వే 2020 డిసెంబర్, 2021 జనవరి నెలల్లో జరిగింది. పదేళ్ళు పైబడిన వాళ్ళలో నూటికి 21 మందికే అప్పటికి వైరస్ సోకిన ఆనవాళ్ళున్నాయని, మిగతా డెబ్భై తొమ్మిది మంది ఇంకా మిగిలే ఉన్నారని అది తేల్చింది. ఆ ఫలితాన్ని 2021 ఫిబ్రవరి 4న, రెండో విడత మొదలవడానికి కొద్ది వారాల ముందు, విలేకరుల సమావేశంలో ప్రకటించారు.